వెలుతురుతో కొలత

కొలతలు ఆడవాళ్ళకు కొత్త కావు.

బియ్యానికి సోల ఉంది, మానిక ఉంది. పూలకు మూర ఉంది. జాకెట్టు గుడ్డకు మీటరు ఉంది. పూలమ్మే ఆమె మూర తగ్గిస్తే వెంటనే పట్టేస్తాం. "ఇంకో నాలుగు పూలు వెయ్యమ్మా" అని అడిగి వేయించుకుంటాం.

మరి భూమి కొలత సంగతి ఏమిటి?

ఊళ్ళో రోడ్డు వెడల్పు చేస్తారు. చేల మధ్య కాలువ తవ్వుతారు. కొత్త రైలు దారి వేస్తారు. వీటన్నిటికీ ముందు సర్వే చేస్తారు. సర్వే అంటే నేలను కొలిచి పటం గీయడం. సర్వే వాళ్ళు వస్తారు. కొలుస్తారు. ఏదో రాసుకుంటారు. వెళ్ళిపోతారు. అప్పుడు చాలామంది ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తారు. "అది మగవాళ్ళ పని" అనుకుంటారు.

కానీ పోయే భూమి ఇంటిల్లిపాదిదీ. అందుకే ఆ కొలత ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. ఇప్పుడు భూమిని వెలుతురుతో కూడా కొలుస్తున్నారు. ఆ పద్ధతి పేరు లేజర్ స్కానింగ్. ఈ పాఠంలో దాని గురించి తెలుసుకుందాం.

గొలుసు కొలత

పూర్వం భూమిని గొలుసుతో కొలిచేవారు. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే ఆయన ఒక కొలత గొలుసు తయారు చేశాడు. దాని పొడవు 66 అడుగులు. దానికి 100 లింకులు. అదే గొలుసు మన దేశానికీ వచ్చింది.

ఈ గొలుసుతో ఎకరం లెక్క తేలిక. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే అది ఒక ఎకరం. ఎకరానికి 100 సెంట్లు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు అంటారు.

గొలుసు మంచిదే. కానీ దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకోవాలి. గొలుసు బిగువుగా లాగి పట్టాలి. మధ్యలో వేలాడితే ఉన్న దూరం కన్నా కొలత ఎక్కువ వస్తుంది. ముళ్ళపొద అడ్డం వస్తే చుట్టూ తిరగాలి. కొండ వస్తే ఎక్కాలి. లోయ వస్తే దిగాలి. వంద మైళ్ళ దారి కొలవాలంటే నెలల తరబడి నడవాలి.

తర్వాత టేపు వచ్చింది. కోణాలు కొలిచే దుర్భిణి యంత్రాలు వచ్చాయి. చివరికి లేజర్ వచ్చింది.

లేజర్ అంటే ఏమిటి?

జాతరలో పిల్లలు చిన్న ఎర్ర లైటు కొంటారు. మీట నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క పడుతుంది. అదే లేజర్.

దీపం వెలుతురు నాలుగు పక్కలా పరుచుకుంటుంది. లేజర్ వెలుతురు అలా కాదు. సూటిగా, సన్నగా పోతుంది. దూరం పోయినా పెద్దగా చెదిరిపోదు. 1960లో మొదటి లేజర్ వెలిగింది.

ఈ సన్నని వెలుతురుతో దూరం ఎలా కొలుస్తారు?

కొండ ఎదుట నిలబడి "ఓ..." అని అరవండి. కాసేపటికి కొండ నుంచి "ఓ..." అని తిరిగి వినిపిస్తుంది. మీ గొంతే కొండను తాకి వెనక్కి వచ్చింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అరిచిన 2 సెకన్లకు తిరిగి వినిపించిందనుకోండి. పోవడానికి ఒక సెకను, రావడానికి ఒక సెకను. అంటే కొండ 340 మీటర్ల దూరంలో ఉంది. గొలుసు లేదు, టేపు లేదు. నిలబడ్డ చోటు నుంచే కొలిచాం.

లేజర్ యంత్రం కూడా ఇదే పని చేస్తుంది. అరుపు బదులు వెలుతురు పంపుతుంది. వెలుతురు గోడకో చెట్టుకో తగిలి వెనక్కి వస్తుంది. పోయి రావడానికి ఎంత సమయం పట్టిందో యంత్రం లెక్క కడుతుంది.

వెలుతురు వేగం చాలా ఎక్కువ. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒక్క సెకనులో భూమి చుట్టూ ఏడుసార్లకు పైగా తిరిగినంత దూరం అది. సెకనును కోటి భాగాలు చేయండి. అందులో ఒక్క భాగంలో వెలుతురు 30 మీటర్లు పోతుంది. పోయి వచ్చిన దూరం 30 మీటర్లు అయితే గోడ 15 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఇంత చిన్న సమయాన్ని మనిషి కొలవలేడు. యంత్రం కొలుస్తుంది.

చుక్కల ముగ్గు

ఒక్కసారి వెలుతురు పంపితే ఒక్క చోటు దూరమే తెలుస్తుంది. కానీ ఈ యంత్రం ఊరుకోదు. మూడు కాళ్ళ స్టాండు మీద కూర్చుని గుండ్రంగా తిరుగుతుంది. లోపల ఒక అద్దం కూడా గిరగిరా తిరుగుతుంది. సెకనుకు వేలసార్లు, కొన్ని యంత్రాలు లక్షలసార్లు వెలుతురు పంపుతాయి. తగిలిన ప్రతి చోటూ ఒక చుక్కగా గుర్తు పెట్టుకుంటుంది. ఎంత దూరం, ఏ దిక్కు, ఎంత ఎత్తు అనేవి ప్రతి చుక్కకూ రాసుకుంటుంది.

వాకిట్లో చుక్కల ముగ్గు వేసేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ముందు చుక్కలు పెడతారు. చుక్కలు సరిగ్గా ఉంటే ముగ్గు దానంతట అదే కుదురుతుంది. చుక్క జరిగితే ముగ్గు చెడుతుంది. లేజర్ యంత్రం పెట్టే చుక్కలు నేల మీద మాత్రమే ఉండవు. గోడ మీద, కప్పు మీద, కొమ్మ మీద, కరెంటు తీగ మీద కూడా ఉంటాయి. కంప్యూటరులో చూస్తే చుక్కలన్నీ కలిసి అచ్చం ఆ చోటులాగే కనిపిస్తాయి. ఇంజనీర్లు దీన్ని పాయింట్ క్లౌడ్ అంటారు. అంటే చుక్కల మబ్బు.

ఒక్క చోట నిలబడితే యంత్రానికి అన్నీ కనబడవు. గోడ ముందు పక్క కనిపిస్తుంది. వెనక పక్క కనబడదు. అందుకని యంత్రాన్ని నాలుగైదు చోట్ల పెట్టి కొలుస్తారు. అక్కడక్కడా తెల్ల బంతులో గళ్ళ అట్టలో పెడతారు. అవి గుర్తులు. ఆ గుర్తులను బట్టి ఒక చోటి చుక్కలను ఇంకో చోటి చుక్కలతో కలుపుతారు. సర్వే జరిగేటప్పుడు వాటిని కదిలించకూడదు. పిల్లలను కూడా ముట్టుకోనివ్వకూడదు.

నూరు రూపాయల నోటు మీది బావి

మీ దగ్గర ఊదా రంగు నూరు రూపాయల నోటు ఉందా? 2018లో వచ్చిన నోటు అది. వెనక్కి తిప్పి చూడండి. ఒక కట్టడం బొమ్మ కనిపిస్తుంది. అది గుడి కాదు, కోట కాదు. అది ఒక దిగుడుబావి. పేరు రాణీ కీ వావ్. అంటే రాణి గారి బావి.

ఇది గుజరాత్‌లోని పాటన్ పట్టణంలో ఉంది. సుమారు వెయ్యేళ్ళ కిందట ఉదయమతి అనే రాణి తన భర్త భీమరాజు జ్ఞాపకంగా దీన్ని కట్టించింది. పొడవు సుమారు 64 మీటర్లు. వెడల్పు 20 మీటర్లు. లోతు 27 మీటర్లు. ఏడు అంతస్తులుగా నేల లోపలికి దిగుతుంది. గోడల నిండా వందలాది శిల్పాలు. సరస్వతి నది వరదల్లో బావి ఒండ్రు మట్టితో పూడిపోయింది. శతాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. తర్వాత పురావస్తు శాఖ మట్టి తీయించి బాగు చేయించింది. 2014లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ బావిని టేపుతో కొలవడం సాధ్యమా? ప్రతి స్తంభాన్ని, ప్రతి శిల్పాన్ని, ప్రతి మెట్టును కొలవాలి. ఏళ్ళు పడుతుంది. ఎక్కి దిగేటప్పుడు రాయి దెబ్బతినవచ్చు. మనిషి జారిపడవచ్చు.

అందుకే 2011లో దీన్ని లేజర్‌తో కొలిచారు. మన పురావస్తు శాఖతో కలిసి స్కాట్లాండు నిపుణులు ఈ పని చేశారు. అమెరికాకు చెందిన సైఆర్క్ అనే సంస్థ కూడా అందులో ఉంది.

సైఆర్క్ వెనక ఒక ఇంజనీరు ఉన్నాడు. ఆయన పేరు బెన్ కసీరా. ఇరాక్ దేశంలోని మోసుల్‌లో పుట్టాడు. అమెరికాలో సివిల్ ఇంజనీరుగా పనిచేశాడు. 1990లలో తన తోటివారితో కలిసి ఒక చోటు నుంచి ఇంకో చోటికి తీసుకుపోగల లేజర్ స్కానరును తయారు చేయించాడు. ఫ్యాక్టరీలు, వంతెనలు కొలవడానికి అది పనికొచ్చింది. 2001లో ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియాన్‌లో పెద్ద బుద్ధ విగ్రహాలను పేల్చివేశారు. పాత కట్టడాలు పోకముందే వాటి కొలతలు దాచాలని ఆయనకు అనిపించింది. 2003లో భార్య బార్బరాతో కలిసి సైఆర్క్ సంస్థను పెట్టాడు.

రాణి గారి బావి కొలతలు ఇప్పుడు భద్రంగా ఉన్నాయి. రేపు భూకంపం వచ్చి ఒక స్తంభం పడిపోయినా, అది ఎలా ఉండేదో ఆ చుక్కలు చూపిస్తాయి.

కట్టేవారికి ఏం ఉపయోగం?

పాత కట్టడాలకే కాదు, కొత్త పనులకు కూడా లేజర్ కొలత పనికొస్తుంది.

మట్టి పనికి పోయినవారికి ఈ సంగతి తెలుసు. గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి కూలి కడతారు. గుంత అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే లోతు ఎక్కడ కొలవాలి? తక్కువ లోతున్న చోట కొలిస్తే కూలివాళ్ళకు నష్టం. ఎక్కువ లోతున్న చోట కొలిస్తే పని చేయించే వారికి నష్టం. పెద్ద కాలువల దగ్గర, కొండను కోసే రోడ్ల దగ్గర ఈ లెక్క కోట్ల రూపాయల్లో ఉంటుంది. లేజర్ యంత్రం తవ్వకముందు ఒకసారి, తవ్విన తర్వాత ఒకసారి కొలుస్తుంది. రెండిటి మధ్య తేడాయే తవ్విన మట్టి. లక్షల చోట్ల లోతు కొలుస్తుంది కాబట్టి తగాదాకు చోటు తగ్గుతుంది.

సొరంగం తవ్వేటప్పుడు ఎక్కడ ఎక్కువ తవ్వారో, ఎక్కడ తక్కువ తవ్వారో చెబుతుంది. వంతెనను, ఆనకట్టను అప్పుడప్పుడు కొలిస్తే కొద్ది కదలికను కూడా పట్టుకుంటుంది. కంటికి కనిపించని కొద్ది మిల్లీమీటర్ల తేడా కూడా ముందే తెలియవచ్చు. ముందే తెలిస్తే ప్రాణాలు దక్కుతాయి.

ఆకాశం నుంచి కొలత

లేజర్ యంత్రాన్ని హెలికాప్టరుకు కట్టి కూడా కొలుస్తారు. చిన్న డ్రోనుకు కూడా కడతారు. పైనుంచి కింద నేల మీదికి వెలుతురు పంపుతారు. దీన్ని లైడార్ సర్వే అంటారు. చెట్లు గుబురుగా ఉన్నా ఆకుల సందుల్లోంచి కొంత వెలుతురు నేలను తాకి తిరిగి వస్తుంది. అందుకే చెట్టు ఎత్తు, చెట్టు కింద నేల ఎత్తు రెండూ తెలుస్తాయి.

రాణి గారి బావి ఉన్న గుజరాత్‌లోనే దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. ముంబయి నుంచి అహ్మదాబాదుకు బుల్లెట్ రైలు దారి వేస్తున్నారు. 2017 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. దారి పొడవు 508 కిలోమీటర్లు. ఈ దారిని హెలికాప్టరు నుంచి లేజర్‌తో కొలిచారు. నేల మీద నడిచి కొలిస్తే 10 నుంచి 12 నెలలు పట్టేదని, ఇలా 12 వారాల్లో అయిపోయిందని ఆ రైలు సంస్థ చెప్పింది. 2021 జనవరిలో దిల్లీ-వారణాసి దారికి కూడా ఇలాగే కొలత మొదలుపెట్టారు. అనుకున్న దారికి ఆ పక్క 150 మీటర్లు, ఈ పక్క 150 మీటర్లు కొలవాలని నిర్ణయించారు. ఇళ్ళు, చెట్లు, కాలువలు, కరెంటు స్తంభాలు అన్నీ అందులోకి వస్తాయి.

కొలత 12 వారాల్లో అయింది. మరి భూమి సంగతి?

ముంబయి-అహ్మదాబాదు దారికి 2018లో భూమి సేకరించడం మొదలైంది. అది పూర్తిగా అయ్యేసరికి 2024 జనవరి వచ్చింది. మధ్యలో ఎందరో రైతులు అభ్యంతరాలు చెప్పారు. గుజరాత్‌లో వందమందికి పైగా రైతులు హైకోర్టుకు వెళ్ళారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు భూసేకరణను సమర్థించింది. అయితే ఎక్కువ పరిహారం కోసం రుజువులు చూపి అడిగే దారి మూసేయలేదు.

దీన్ని బట్టి ఏం తెలుస్తోంది? నేలను కొలవడం యంత్రం పని. ఎవరికి ఎంత రావాలో తేల్చడం మనుషుల పని. మొదటిది వారాల్లో అయింది. రెండోదానికి ఏళ్ళు పట్టింది.

యంత్రానికి తెలియనివి

లేజర్ యంత్రం చాలా చూస్తుంది. కానీ అన్నీ చూడలేదు.

గోడ అవతల ఏముందో అది చూడలేదు. ఇంటి లోపలి మనుషులు దానికి కనబడరు. కాబట్టి భయపడక్కర్లేదు. మట్టి కింద వేసిన పైపు దానికి తెలియదు. చాలా యంత్రాలకు నీటి అడుగు కనబడదు. అద్దం, తళతళలాడే రేకు దాన్ని తికమక పెడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. ఈ చెట్టు ఎవరిది? ఈ గట్టు ఎవరిది? ఈ చేలో కూలి చేసుకుని బతికేది ఎవరు? ఇవేవీ చుక్కల్లో ఉండవు. కాగితాల్లో ఉంటాయి. లేదా ఉండకుండా పోతాయి.

ఒక అత్తాకోడళ్ళ మాటలు వినండి.

కోడలు : అత్తయ్యా, కాలువకు భూమి తీసుకుంటున్నారు గదా, నోటీసు వచ్చింది. కొలత కాగితం నకలు కూడా తెచ్చాను.

అత్త : ఏం రాశారే అందులో?

కోడలు : సర్వే నంబరు ఉంది. ఏడు సెంట్లు పోతుందని ఉంది. లేజర్‌తో కొలిచారట.

అత్త : యంత్రమే కొలిచాక ఇంక మనం అనేదేముంది? అది అబద్ధం చెప్తుందా?

కోడలు : అబద్ధం చెప్పదు అత్తయ్యా. కానీ దానికి తెలియంది ఎట్లా చెప్తుంది? ఇదిగో చూడండి. యజమాని అన్న చోట మామయ్య పేరే ఉంది.

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది.

అత్త : ఆయన పోయి ఆరేళ్ళయింది.

కోడలు : పాసు పుస్తకం మీ పేరు మీదికి మార్పించుకోలేదు గదా. డబ్బు వచ్చినా ఎవరికివ్వాలని అడుగుతారు.

అత్త : ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతార్లే అని ఊరుకున్నానే. సరే, గట్టు మీద చెట్లు ఎన్ని రాశారు?

కోడలు : రెండు మామిడి చెట్లు.

అత్త : మూడు గదే! వాగు పక్కది ఏమైంది?

కోడలు : పెద్ద చెట్టు నీడలో ఉంది గదా. రెండూ ఒకటే అనుకున్నారేమో.

అత్త : మరి బోరు దగ్గర్నుంచి వేసిన పైపు?

కోడలు : అది రాయలేదు. మట్టి కింద ఉన్నది లేజర్‌కు కనబడదట.

అత్త : ఎప్పటిలోగా చెప్పాలి?

కోడలు : వచ్చే నెల పన్నెండున ఆఫీసుకు రమ్మన్నారు. ఇంకా ఇరవై రెండు రోజులు ఉన్నాయి.

అత్త : అయితే కలం, కాగితం తే. నేనే రాస్తాను. తప్పులుంటే నువ్వు దిద్దు.

సర్వే వచ్చినప్పుడు ఏం చెయ్యాలి?

భూసేకరణకు 2013లో ఒక చట్టం వచ్చింది. అందులో తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

1. ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని స్థానిక భాషలో పంచాయతీలో పెట్టాలి. పత్రికల్లో కూడా వేయాలి. పంచాయతీ గోడ మీద కొత్త కాగితం కనిపిస్తే ఆగి చదవండి.

2. ఇంట్లోకి గాని, దడి ఉన్న పెరట్లోకి గాని ఊరికే రాకూడదు. ఇంట్లో ఉన్నవారు ఒప్పుకోవాలి. లేదంటే కనీసం 7 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి.

3. భూమిని కొలిచేటప్పుడు యజమాని ఉండాలి. లేదా యజమాని కాగితం రాసి పంపిన మనిషి ఉండాలి. యజమాని లేకుండా కొలవాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఉండాలి.

4. సర్వేలో పైరుకో దడికో నష్టం జరిగితే దానికి డబ్బు చెల్లించాలి.

5. మొదటి నోటీసు మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లోగా కలెక్టరుకు రాసి ఇవ్వాలి. చెప్పుకునే అవకాశం కలెక్టరు ఇవ్వాలి. పరిహారం నిర్ణయించే ముందు మరో నోటీసు వస్తుంది. కొలత తప్పని అనిపిస్తే అప్పుడు చెప్పవచ్చు. అత్తాకోడళ్ళకు వచ్చింది అదే.

6. భర్త చనిపోయిన స్త్రీలను, విడాకులు పొందిన స్త్రీలను, కుటుంబం వదిలేసిన స్త్రీలను ఈ చట్టం వేరే కుటుంబంగా లెక్కిస్తుంది. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

7. సొంత భూమి లేకపోయినా, ఆ భూమి మీద మూడేళ్ళుగా కూలి చేసుకునో కౌలు చేసుకునో బతుకుతున్నవారు కూడా లెక్కలోకి వస్తారు. బతుకు ముఖ్యంగా దాని మీదే ఆధారపడి ఉండాలి.

ఒక జాగ్రత్త. అన్ని పనులకూ ఒకే చట్టం ఉండదు. జాతీయ రహదారికి భూమి తీసుకునే చట్టం వేరు. దాని కింద అభ్యంతరం చెప్పే గడువు 21 రోజులే. ఏ చట్టం కింద తీసుకుంటున్నారో నోటీసులో రాసి ఉంటుంది. ముందు అది చదవండి. తర్వాత తారీకు చూడండి.

కొలత కాగితం నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఈ చట్టం 2005లో వచ్చింది. మామూలుగా 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి.

ఇంకో మాట. లేజర్ యంత్రం వైపు తేరిపార చూడకూడదు. కంటికి మంచిది కాదు. సర్వే వాళ్ళు చెప్పినంత దూరంలో నిలబడండి. కానీ ఇంట్లోకి వెళ్ళిపోవద్దు. అక్కడే ఉండండి. ఏది ఎవరిదో చెప్పండి. ఏం రాశారో అడగండి. చదివిన తర్వాతే సంతకం పెట్టండి.

కొత్త మాటలు

సర్వే : నేలను కొలిచి పటం గీయడం
లేజర్ : సూటిగా, సన్నగా పోయే వెలుతురు
స్కానర్ : వెలుతురు పంపి చుక్కలు గుర్తుపెట్టే యంత్రం
లైడార్ : వెలుతురుతో దూరం కొలిచే పద్ధతి
అభ్యంతరం : "ఇది సరి కాదు" అని చెప్పడం
గడువు : పని పూర్తి చేయవలసిన చివరి రోజు
నకలు : కాగితానికి మరో ప్రతి

లెక్క చేయండి

1. సెకనులో కోటో వంతు సమయంలో వెలుతురు 30 మీటర్లు పోతుంది. అలాంటి రెండు వంతుల సమయంలో వెలుతురు పోయి వచ్చింది. గోడ ఎంత దూరంలో ఉంది?

2. ఒక గుంత పొడవు 4 మీటర్లు. వెడల్పు 2 మీటర్లు. లోతు 1 మీటరు. తీసిన మట్టి ఎన్ని ఘనపు మీటర్లు?

3. ఒక నోటీసు మార్చి 1న వచ్చింది. గడువు 21 రోజులు. మరుసటి రోజు నుంచి లెక్కపెడితే చివరి రోజు ఏది?

(జవాబులు : 1. 30 మీటర్లు. 2. 8 ఘనపు మీటర్లు. 3. మార్చి 22.)

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంటి స్థలం, మీ పొలం ఎవరి పేరు మీద ఉన్నాయి? పాసు పుస్తకం తీసి చదవండి.

2. మీ పొలంలో మట్టి కింద ఏమేం ఉన్నాయి? లేజర్‌కు కనబడనివి ఒక కాగితం మీద రాయండి.

3. మీ ఊళ్ళో ఇదివరకు సర్వే జరిగిందా? అప్పుడు ఆడవాళ్ళు అక్కడ ఉన్నారా? లేకపోతే ఎందుకు లేరు?

4. పాఠంలోని అత్త ఏమని రాసి ఉంటుంది? ఆ అర్జీ మీరు రాయండి. పైన తారీకు వేయండి. సర్వే నంబరు రాయండి. ఒక్కొక్క తప్పు ఒక్కొక్క వరుసలో రాయండి. కింద సంతకం చేయండి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.